పోర్షన్ల బిల్డింగు కొనేముందు ఏం చూడాలి, కిరాయి లెక్క ఎట్ల వేయాలి: నల్గొండ, పాలమూరు వైపు వాళ్ళకి పూర్తి గైడ్

మొన్న ఎండాకాలంలో మా బామ్మర్ది ఫోన్ చేసి "బావా, దేవరకొండ రోడ్డు దిక్కు జీ ప్లస్ టూ ఒకటి వచ్చింది, 160 గజాలు, ఆరు పోర్షన్లు, కిరాయిలే నెలకి నలభై వేలు, 95 లక్షలు చెప్తున్నరు, రేపే బయానా ఇద్దామా" అన్నడు. రేపు వద్దు, ఒక నెల ఆగు అన్న. ఆ నెలలో మేము ఏమేం చూసినం, ఎవరెవరిని అడిగినం, లెక్క ఎట్ల వేసినం అనేది వరసగా రాస్తున్న, ఎందుకంటే మన దగ్గర సొంతానికి ఇల్లు కొనేటప్పుడు ఉన్న జాగ్రత్త కిరాయికి కొనేటప్పుడు ఉండదు, ఎంత కిరాయి వస్తది అని ఒక్క మాట అడిగి ఆ అంకెని పన్నెండుతో గుణించి సంబరపడిపోతరు. వచ్చే కిరాయి వేరు, చేతిల మిగిలే కిరాయి వేరు, ఈ రెండిటి మధ్య తేడా తెలియాలంటే బ్రోకర్‌ని కాదు, ఆ ఇంట్ల ఉంటున్న కిరాయిదార్లని అడగాలి.

ముందు గల్లీ చూడండి, ఇల్లు తర్వాత

ఆ ఏరియాలో కిరాయికి ఎవరు ఉంటరు అనేది మొదటి ప్రశ్న. నల్గొండలో గొల్లగూడ, ఎస్ఎల్‌బీసీ దిక్కు మెడికల్ కాలేజీ వల్ల నర్సులు, స్టూడెంట్లు, ల్యాబ్ వాళ్ళు అడుగుతరు. రామగిరి, క్లాక్ టవర్ చుట్టుపక్కల ఉద్యోగస్తులు, షాపులల్ల పనిచేసేవాళ్ళు. మహబూబ్‌నగర్‌లో బండమీదిపల్లి వైపు పాలమూరు యూనివర్సిటీ, జడ్చర్లకి పోతే పోలేపల్లి సెజ్ ఫార్మా కంపెనీల వర్కర్లు, అక్కడ ఫ్యామిలీల కంటే ఒక్కో రూమ్‌లో నలుగురైదుగురు బ్యాచిలర్లు ఉండే లెక్క ఎక్కువ. 2016లో కొత్త జిల్లాలు అయినంక సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాలలో కలెక్టరేట్లు వచ్చి ఆఫీసోళ్ళు కిరాయిలకి దిగిన్రు. ఎవరు ఉంటరో తెలిస్తే ఎట్లాంటి పోర్షన్ కావాలో తెలుస్తది. ఫార్మా వర్కర్లు ఉండే చోట డబుల్ బెడ్‌రూమ్ పెద్దగ కట్టి తూర్పు మొఖం ఉంది అంటే ఎవరికి కావాలి, వాళ్ళకి బాత్రూంలు ఎక్కువ ఉండాలి, బండ్లు పెట్టుకునే జాగ ఉండాలి. అదే టీచర్లు, బ్యాంకోళ్ళు ఉండే కాలనీలో ఇంటి ముందర ఇల్లాలు ముగ్గేసుకునేటందుకు కూడా జాగ చూస్తది, నవ్వకండి, ఆ మాట నాకు చెప్పి ఇల్లు వద్దన్న ఫ్యామిలీ ఉంది.

ఒక పని చేయండి, సాయంత్రం ఏడు గంటలకి బండి పక్కన పెట్టి ఆ గల్లీ, పక్క రెండు గల్లీలు నడవండి. టులెట్ బోర్డులు లెక్కపెట్టండి. బోర్డు కొత్తగ ఉందా, ఎండకి తెల్లబడి అక్షరాలు పోయినయా చూడండి, తెల్లబడిన బోర్డు అంటే ఆ పోర్షన్ నెలల నుంచి ఖాళీ అన్నట్టే. మూడు బోర్డులకి ఫోన్ చేసి కిరాయికి వచ్చేవాని లెక్క అడగండి, సింగిల్ బెడ్‌రూమ్ ఎంత, అడ్వాన్స్ ఎన్ని నెలలు, నీళ్ళు ఎట్ల అని. మేము చేస్తే అదే గల్లీలో సింగిల్ బెడ్‌రూమ్ 5,500 నుంచి 6,000 చెప్పిన్రు, మాకు ఓనర్ చెప్పింది 7,000. అంటే నలభై వేల లెక్క అక్కడనే పలచబడ్డది.

కిరాయి నిజంగా వస్తుందా

కిరాయి అగ్రిమెంట్లు చూపిస్తరు, అవి చూడండి, కానీ నమ్మకండి. అమ్మే ముందర బావమరిది పేరు మీద, దోస్తు పేరు మీద ఎక్కువ కిరాయికి అగ్రిమెంట్ రాసి పెట్టేవాళ్ళు ఉన్నరు. ఇప్పుడు అందరు ఫోన్‌పేలనే కొడుతున్నరు కాబట్టి ఓనర్‌ని ఆర్నెల్ల ఫోన్‌పే హిస్టరీ చూపించమనండి, ఏ నెల ఏ తారీఖుకి ఎంత పడ్డది అందులో ఉంటది. చూపించను అంటే అది కూడా ఒక జవాబే.

తర్వాత పోర్షన్ పోర్షన్‌కి పోయి మాట్లాడండి. ఓనర్ పక్కన నిలబడితే ఎవరు నోరు విప్పరు, అందుకే మేము రెండోసారి మా చెల్లెని తీసుకొని ఓనర్ లేనప్పుడు పోయినం. ఫస్ట్ ఫ్లోర్లో ఒకామె బట్టలు ఆరేసుకుంటుంది, మా చెల్లె మాట కలిపింది. ఆమె చెప్పింది రాస్తున్న, "నీళ్ళకే కష్టం అక్కా, ఏప్రిల్ల బోరు ఎండుతది, ట్యాంకర్ పైసలు మేమే తలా ఇంత ఏసుకుంటం. పైన రేకుల రూం పిలగాడు పోయి మూడు నెలలైంది, గా రూంల ఎవ్వరు ఆగరు, ఎండకాలం పెనం లెక్క కాలుతది." ఓనర్ మాకు చెప్పిన ఆరు పోర్షన్లలో ఒకటి మూడు నెలల నుంచి ఖాళీ అని బ్రోకర్ చెప్పలే, ఓనర్ చెప్పలే, బట్టలు ఆరేసుకునే ఆమె చెప్పింది.

కిరాయిదార్లని ఇవి మాత్రం తప్పకుండా అడగండి: ఎన్ని ఏండ్ల నుంచి ఉంటున్నరు, అడ్వాన్స్ ఎంత ఇచ్చిన్రు, కరెంట్ బిల్లు ఎవరి పేరు మీద, సెప్టిక్ ట్యాంక్ ఎన్ని నెలలకోసారి తీపిస్తరు, వానాకాలం ఎక్కడ కారుతది. ఇంకోటి, ఇల్లు మారే ఉద్దేశం ఉందా అని. మీరు కొన్న మరుసటి నెలనే ముగ్గురు ఖాళీ చేస్తే మీ లెక్క మొత్తం తారుమారు అయితది.

నీళ్ళు, కరెంటు, డ్రైనేజీ: పైసలు కారేది ఇక్కడనే

నీళ్ళ గురించి మా జిల్లా వాళ్ళకి చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ దిక్కు ఫ్లోరైడ్ సంగతి దేశమంతా తెలుసు, నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరే ఉంది. మిషన్ భగీరథ నీళ్ళు వస్తున్నయి కాబట్టి ఇప్పుడు తాగటానికి ఆ బాధ తగ్గింది, కానీ బిల్డింగుకి వాడకం నీళ్ళు బోరు నుంచే. అందుకని రెండు చూడాలి. నల్లా ఎన్ని రోజులకి, ఎంతసేపు వస్తది, సంపు ఎంత పెద్దది అనేది ఒకటి, ఆరు ఫ్యామిలీలకి సంపు చిన్నగ ఉంటే వచ్చిన నల్లా నీళ్ళు కూడా పట్టుకోలేరు. రెండోది బోరు ఎన్ని అడుగులు, మోటర్ ఎన్ని అడుగుల కాడ దించిన్రు, ఎండాకాలం ఎంతసేపు పోస్తది. బోరు వేయించినోడు ఇప్పటికీ ఊళ్ళనే ఉంటే అతన్ని పట్టుకొని అడగండి. బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి వాటర్ టెస్టింగ్ ల్యాబ్‌లో ఇవ్వండి, తాగే నీళ్ళల్ల ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, పోతది అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నరు. ల్యాబ్ దాకా పోవటానికి బద్ధకమైతే కనీసం బాత్రూం నల్లాలు చూడండి, తెల్లగ ఉప్పు పేరుకొని ఉంటే గీజర్లు, మోటర్లు ఏటా మార్చుడే.

చూడాలంటే మే నెలలో ఒకసారి, పెద్ద వాన పడ్డ తెల్లారి ఒకసారి చూడాలి. మే నెలలో నీళ్ళు తెలుస్తయి, వానకి కారుడు తెలుస్తది. డిసెంబర్లో చూసినోనికి ఏ ఇల్లైనా బంగారం లెక్కనే కనిపిస్తది.

నాకు తగిలిన దెబ్బ ఇక్కడ చెప్తా. 2017లో నేను ఒక రెండు పోర్షన్ల ఇల్లు కొన్న. అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు, నడుమ గోడ. బోరు ఉంది, మోటర్ ఉంది, నీళ్ళు మస్తు వస్తున్నయి, చూసిన, సంతోషపడ్డ, రిజిస్ట్రేషన్ చేయించుకున్న. పదిహేను రోజులకి పక్కింటాయన, అంటే నాకు అమ్మినాయన తమ్ముడు, పైపు కోసేసిండు. బోరు ఆయన జాగల ఉంది, మా దిక్కు వచ్చింది పైపు మాత్రమే. అన్నకి ఇచ్చిన, మీకెందుకు ఇస్త అన్నడు, ఆయన తప్పు కూడా కాదు. కొత్త బోరు మొదటిది 500 అడుగులకి దుమ్ము లేపింది, రెండోదానికి నీళ్ళు పడ్డయి, అంతా కలిపి లక్షా అరవై వేలు. అప్పటి నుంచి నేను ఎక్కడికి పోయినా ముందు బోరు దగ్గర నిలబడి హద్దు రాయి ఎటు ఉంది అని చూస్త. బోరు, సంపు, మెట్లు, సెప్టిక్ ట్యాంక్, డ్రైనేజీ పైపు ఈ ఐదూ మీరు కొనే హద్దుల లోపల ఉన్నయా అని స్వయంగా చూసుకోండి.

కరెంటు సంగతి. పోర్షన్‌కి ఒక మీటర్ ఉండాలి. 2024 నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న ఫ్యామిలీకి నెలకి 200 యూనిట్ల లోపు అయితే జీరో బిల్లు వస్తుంది, కిరాయికి ఉన్నవాళ్ళకి కూడా, కానీ ఒక కార్డుకి ఒక సర్వీస్ నంబరే. మూడు పోర్షన్లకి ఒక్క మీటర్ పెట్టి సబ్ మీటర్లతో నడిపిస్తే యూనిట్లు 200 దాటిపోతయి, ఒక్కరికి కూడా జీరో బిల్లు రాదు. ఇప్పుడు కిరాయికి వచ్చేవాళ్ళు అడిగే మొదటి మాట ఇదే, మీటర్ సపరేటా అని. మేము చూసిన బిల్డింగులో ఆరు పోర్షన్లకి మూడే మీటర్లు. ఇంకో మెలిక ఏందంటే మోటర్ వైరు కింద పోర్షన్ మీటర్‌కి కలిపి ఉంది, ఆ కింద ఉన్నాయన నెల నెలా ఓనర్‌తో కొట్లాట. సర్వీస్ నంబర్లు రాసుకొని పాత బకాయిలు ఉన్నయా చూసుకోండి. కింద షట్టర్ ఉంటే దానికి కమర్షియల్ మీటర్ ఉందా, ఇంటి మీటర్ మీదనే షాపు నడుపుతున్నరా అది కూడా.

సెప్టిక్ ట్యాంక్: ఒక ఫ్యామిలీ కోసం కట్టిన ట్యాంక్ మీద ఇరవై మంది వాడితే ఏమైతదో నేను వర్ణించను. మూత తీయించి చూడండి, ముక్కు మూసుకొని అయినా చూడండి.

కట్టుబడి

ఇంజనీర్‌ని తీసుకపోండి, పైసలు ఇచ్చి. మేస్త్రీ దోస్తుని కాదు. ఎన్ని ఫ్లోర్ల కోసం పునాది తీసిన్రు, ఎన్ని వేసిన్రు అనేది అసలు ప్రశ్న, ఎందుకంటే మన దగ్గర ఒక ఫ్లోరు కడతరు, బిడ్డ పెళ్ళి అయినంక ఇంకోటి, రిటైర్మెంట్ పైసలు వచ్చినంక ఇంకోటి. బీముల దగ్గర ఐమూలగ పగుళ్ళు, పిల్లర్ మూలల్లో తుప్పు ఉబ్బి సిమెంట్ పెచ్చులు ఊడుడు, ఇవి కనిపిస్తే ఆగండి. ప్లాస్టర్ మీద వెంట్రుక వాసి గీతలకి భయపడకండి. రూపాయి బిళ్ళతో గోడ మీద కొట్టుకుంట పోండి, డొల్ల చప్పుడు వచ్చిన కాడ గుర్తు పెట్టండి. పై బాత్రూం కింద ఉన్న స్లాబు చూడండి, అన్ని ఫ్లోర్లలో ఒక్కసారే నల్లాలు విప్పి, ఫ్లష్‌లు కొట్టి ఇరవై నిమిషాలు ఆగి కింద చూడండి. కొత్త రంగు వాసన ఒక్క గోడకే వస్తే ఆ గోడనే చూడాలి.

టేపు తీసి జాగ కొలవండి. డాక్యుమెంట్‌లో 30 బై 48, అంటే 1,440 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 160 గజాలు. మేము కొలిస్తే ముందర 30 ఉంది, వెనక 28.5 మాత్రమే, సగటున 156 గజాలు. నాలుగు గజాలు పోయినట్టు. గజం 30 వేలు లెక్కకే లక్షా ఇరవై వేలు. ఈ నాలుగు గజాలు ఎటు పోయినయి అంటే ఓనర్ వెనకింటోని దిక్కు చూసిండు, అంతే.

కాగితాలు

ఇది వకీలు పని, కానీ మీకు కూడా తెలవాలి.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద అయిన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్, ముందు తీయండి, రిజిస్ట్రేషన్ వాళ్ళ వెబ్‌సైట్‌లో మీరే తీసుకోవచ్చు, పాతవాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే పోవాలి. కనీసం ముప్పై ఏండ్ల లింక్ డాక్యుమెంట్లు, అంటే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపించే పాత కాగితాలు, ఒకదాని వెనక ఒకటి కలవాలి. ఒరిజినల్స్ చేతిల పట్టుకొని చూడండి, జిరాక్స్‌లు కాదు. బ్యాంకుల ఉన్నయి అంటే బ్యాంకుకి పోయి లోన్ ఎంత బాకీ ఉందో రాయించుకోండి. రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లోనే నిషేధిత ఆస్తుల జాబితా కూడా ఉంటది, 22ఏ అంటరు, అందులో సర్వే నంబర్ కొట్టి చూడండి, వక్ఫ్, దేవాదాయ, అసైన్డ్, ప్రభుత్వ జాగలు అందులో ఉంటయి. కొన్ని పాత గల్లీలల్ల ఇప్పటికీ నోటరీ కాగితం మీద ఇండ్లు అమ్ముతున్నరు, తక్కువకి వస్తదని దిగకండి, దాని మీద లోన్ రాదు, రేపు మీరు అమ్మాలన్నా అట్లాంటి కాగితాలకి ఒప్పుకునేవాడే దొరకాలి.

తండ్రి నుంచి వచ్చిన ఆస్తి అయితే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి, అందులో ఉన్న ప్రతి పేరు సంతకం కావాలి, ముఖ్యంగా ఆడబిడ్డలవి. "వాళ్ళకి పెళ్ళిళ్ళకే ఇచ్చినం" అనే మాట చట్టం ముందర నిలవదు, 2005 సవరణతో బిడ్డకి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. మా బామ్మర్ది చూసిన బిల్డింగు తండ్రి కట్టింది, తండ్రి పోయిండు, అమ్ముతుంది కొడుకు, మిర్యాలగూడలో ఒక చెల్లెలు ఉంది. ఆమె సంగతి మాకు మూడో వారం దాకా ఎవరూ చెప్పలే.

అమ్మేవాళ్ళు అమెరికాలో ఉండి ఇక్కడ తండ్రో, మామో జీపీఏ (వాళ్ళ తరఫున పని చేయమని రాసిచ్చే అధికార పత్రం) మీద అమ్మితే ఆ జీపీఏ ఇంకా చెల్లుతుందా, అమ్మే అధికారం అందులో రాసి ఉందా వకీలుతో చదివించండి.

పర్మిషన్: మున్సిపాలిటీ ఇచ్చిన ప్లాన్ కాపీ తీసుకొని బిల్డింగు పక్కన పెట్టి పోల్చండి. మేము చూసినది 2011లో జీ ప్లస్ వన్‌కి పర్మిషన్, పై ఫ్లోరు 2019లో వేసిన్రు, పర్మిషన్ లేదు. "బీఆర్ఎస్ వస్తది సార్, రెగ్యులరైజ్ అయితది" అని బ్రోకర్ అన్నడు, ఆ బీఆర్ఎస్ అంటే పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీం. అది 2015ది, ఆ ఏడాది అక్టోబర్ 28 లోపు కట్టినవాటికే, అది కూడా హైకోర్టులో చిక్కింది. 2019లో వేసిన ఫ్లోరుకి దానితో సంబంధమే లేదు. 2020లో టీఎస్ బీపాస్ వచ్చినంక పది మీటర్ల ఎత్తు లోపు ఇండ్లకి ఆన్‌లైన్‌లో పర్మిషన్ సులువైంది, కానీ అది కట్టేముందు తీసుకునేది, కట్టినంక కాదు. పర్మిషన్ లేని ఫ్లోరుకి ఇంటి పన్ను మీద పెనాల్టీ పడుతది, బ్యాంకు ఆ ఫ్లోరుకి విలువ కట్టకపోవచ్చు. ప్లాటుకి లేఅవుట్ ఉందా, లేకపోతే ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ రెగ్యులరైజేషన్ ఫీజు, కట్టిన్రా, అది కూడా అడగండి. మున్సిపాలిటీలో కలిసిన ఊర్ల దిక్కు పాత పంచాయతీ ముద్రలతో పర్మిషన్లు చూపిస్తరు, వాటిని మున్సిపల్ ఆఫీసు రికార్డులో ఉన్నయా లేదా చూసినంకనే నమ్మండి.

చెరువు సంగతి మర్చిపోకండి. పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు, అంతకన్నా పెద్ద చెరువు అయితే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగ నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దు, అక్కడి నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏం కట్టకుండ వదలాల్సిన జాగ. కట్ట కింద, అలుగు పారే దారిలో ఉన్న కాలనీలల్ల పెద్ద వానకి కింద పోర్షన్లో నీళ్ళు వస్తయి, గోడ మీద నీళ్ళ మరక ఎంత ఎత్తుకి ఉందో చూస్తే తెలుస్తది.

లెక్క

ఇప్పుడు అసలు పని. మా బిల్డింగు లెక్కనే పెడుతున్న, మీరు మీ అంకెలు వేసుకోండి.

కింద రెండు సింగిల్ బెడ్‌రూమ్‌లు ఒక్కోటి 5,500, ఫస్ట్ ఫ్లోర్ రెండు ఒక్కోటి 6,000, పైన డబుల్ బెడ్‌రూమ్ 8,500, రేకుల రూమ్ 3,000. మొత్తం 34,500. నలభై వేలు కాదు. ఏడాదికి 4,14,000.

ఏడాదికి నెలన్నర కిరాయి తీసేయండి, ఖాళీ ఉండుడు, ఎగ్గొట్టుడు, ఆలస్యం అన్ని కలిపి. 51,750 పోతే 3,62,250. ఇక ఖర్చులు: ఇంటి పన్ను 9,000, మోటర్, మెట్ల లైట్ల కరెంటు 12,000, నల్లా బిల్లు 2,400, సెప్టిక్ ట్యాంక్, మోటర్ రిపేర్ 6,000, చిల్లర రిపేర్లకి ఒక నెల కిరాయి 34,500, నాలుగేండ్లకోసారి రంగులకి 80 వేలు అనుకుంటే ఏడాదికి 20,000. మొత్తం 83,900. చేతికి మిగిలేది 2,78,350, నెలకి 23 వేల చిల్లర.

పెట్టుబడి 95 లక్షలు కాదు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. మొత్తం వైట్‌లో చూపిస్తే 7,12,500. మీటర్లు, పైన వాటర్ ప్రూఫింగ్, వైరింగ్ సరిచేయటానికి రెండున్నర లక్షలు. మొత్తం 1,04,62,500. దీని మీద 2,78,350 అంటే రెండున్నర శాతం కంటే కొంచెం ఎక్కువ. బ్యాంకుల ఎఫ్‌డీ వేసి ఇంట్ల కూర్చుంటే దీనికంటే ఎక్కువ వస్తది, ఎవరి సెప్టిక్ ట్యాంక్ గురించి ఫోన్లు రావు.

మరి ఎందుకు కొంటరు అంటే జాగ ధర పెరుగుతదని, కిరాయి కూడా ఏటా కొంత పెరుగుతదని. నిజమే, కాదనను, కానీ జాగ కోసమే అయితే ఖాళీ ప్లాటు కొనొచ్చు కదా, బిల్డింగుకి ఎందుకు ఎక్కువ ఇవ్వాలి అనే ప్రశ్న వేసుకోండి. రెండు దిక్కుల నుంచి ధర కట్టి చూడండి. ఒకటి కిరాయి దిక్కు: నాకు కనీసం మూడున్నర శాతం మిగలాలి అనుకుంటే మొత్తం పెట్టుబడి 79.5 లక్షలు దాటొద్దు, అందులో రిపేర్లు, రిజిస్ట్రేషన్ తీస్తే ఇంటి ధర దాదాపు 71 లక్షల 60 వేలు. రెండోది జాగ దిక్కు: 156 గజాలు 30 వేల చొప్పున 46.8 లక్షలు, 2,800 చదరపు అడుగుల కట్టుబడి ఇప్పుడు కొత్తగ కడితే అడుగుకి 1,900 అనుకుంటే 53.2 లక్షలు, పాతదని ముప్పై శాతం తీస్తే 37 లక్షల చిల్లర, మొత్తం 84 లక్షలు. ఆ పై ఫ్లోరుకి పర్మిషన్ లేదు కాబట్టి ఇంకా కిందికి రావాలి. అంటే బేరం 72కి 84కి మధ్యన ఆడాలి, 95కి దగ్గర్ల కాదు.

లోన్ తీసుకుంటే: 75 లక్షల పైన లోన్‌కి బ్యాంకులు ఇంటి విలువలో 75 శాతం దాటి ఇవ్వొద్దు, 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి 80 శాతం. ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చు కలవదు, అది మీ జేబు నుంచే. 60 లక్షల లోన్ 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏండ్లకి తీసుకుంటే ఈఎంఐ దాదాపు 52 వేలు, కిరాయి నుంచి వచ్చేది 23 వేలు, మిగతా 29 వేలు ప్రతి నెల జీతంలకెల్లి. కిరాయితోనే ఈఎంఐ వెళ్ళిపోతది అని ఎవరన్నా చెప్తే ఈ రెండు అంకెలు చూపించండి.

ఇన్‌కమ్ టాక్స్‌లో కిరాయి నుంచి మున్సిపల్ పన్ను, ఆ తర్వాత మిగిలినదాని మీద 30 శాతం తీసేస్తరు, లోన్ వడ్డీ కూడా తీస్తరు. వడ్డీ ఎక్కువై నష్టం చూపిస్తే పాత పద్ధతిలో రెండు లక్షల వరకు జీతంలో సర్దుకోవచ్చు, కొత్త పద్ధతిలో అది లేదు. మీది ఏ పద్ధతో చూసుకొని లెక్కేయండి.

బయానా, అగ్రిమెంట్, చేతులు మారుడు

బయానా చిన్నగ ఇవ్వండి, అది కూడా బ్యాంకు ద్వారా. 20 వేలు, అంతకు పైన నగదు రూపంలో తీసుకోవటం, ఇవ్వటం కుదరదు. 50 లక్షలు, ఆపైన ఆస్తి అయితే కొనేవాళ్ళే అమ్మేవాళ్ళకి ఇచ్చే పైసలలకెల్లి ఒక శాతం టీడీఎస్, అంటే వాళ్ళ ఇన్‌కమ్ టాక్స్ కింద, పట్టి కట్టాలి, 80 లక్షలకి 80 వేలు, ఇది చాలామందికి నోటీసు వచ్చినంకనే తెలుస్తది. అమ్మేవాళ్ళు ఎన్ఆర్ఐ అయితే ఒక శాతం లెక్క నడవదు, చాలా ఎక్కువ పట్టాలి, సీఏని అడగకుండా పైసలు పంపకండి.

అగ్రిమెంట్లో రాయించాల్సినవి: ఎవరెవరు సంతకం పెడతరు, ఏ తారీఖు లోపు, పాత కరెంటు, నల్లా, పన్ను బకాయిలు ఎవరు కడతరు, టైటిల్‌లో తేడా వస్తే బయానా వాపస్ ఇవ్వాలి అని, కిరాయిదార్ల అడ్వాన్స్‌ల మొత్తం ధరలకెల్లి తగ్గించాలి అని. ఈ చివరిది చాలామంది మర్చిపోతరు. ఆరు పోర్షన్ల అడ్వాన్స్‌లు పాత ఓనర్ దగ్గరనే ఉంటయి, రేపు ఖాళీ చేసేటోళ్ళు మిమ్మల్ని అడుగుతరు. ఎవరు ఎంత ఇచ్చిన్రో ఒక కాగితం మీద రాసి, ఓనర్‌తో, కిరాయిదార్లతో సంతకాలు పెట్టించుకోండి. రిజిస్ట్రేషన్ అయిన రోజే అందరి ముందర పాత ఓనర్‌తో ఒక్క మాట చెప్పించండి, వచ్చే నెల నుంచి కిరాయి ఈయనకి కొట్టండి అని. తర్వాత మీటర్ల పేర్లు, ఇంటి పన్ను పేరు మారిందా అని మీరే పోయి చూసుకోండి.

మా బామ్మర్ది బేరం ఇప్పుడు 79 దగ్గర ఆగి ఉంది. ఓనర్ 82 అంటున్నడు. మీటర్లు ఆరు చేసి ఇస్తనని ఒప్పుకున్నడు, రేకుల రూమ్ లెక్కలో తీసేసినం. మిర్యాలగూడ చెల్లెలు సంతకానికి వస్తనంటేనే బయానా అని చెప్పి వచ్చినం, ఆమె దసరాకి పుట్టింటికి వస్తదంట, అప్పుడు మా చెల్లెనే మళ్ళీ తీసుకొని పోతం.